ఆది జాకెట్టు

ఆ మెషీనా? చూసి ముట్టుకో సుస్మితా, సూది ఇంకా అందులోనే ఉంది. పాత ఇనప సామాన్లవాణ్ణి రేపు రమ్మన్నావా? నువ్వీ హోముకి మేనేజరుగా వచ్చి నెల కాలేదు, అప్పుడే వరండా ఖాళీ చేయిస్తున్నావు. మంచిదే, పనిచేసే పిల్లవి. వాణ్ణి మాత్రం ఆగమను. ఇలా కూర్చో. కుర్చీ ఇటు లాక్కో, అక్కడ ఎండ పడుతుంది.

అది కరిముల్లా గారిది. విజయవాడ వన్ టౌన్‌లో నలభై రెండేళ్ళు ఆడవాళ్ళ టైలరు. ఆ కొట్టు ఎంత ఇరుకంటే ఆయనా మెషీనూ లోపల, మనం రోడ్డు మీద. రిక్షా వస్తే పక్కకి తప్పుకుని, మళ్ళీ వచ్చి మాట్లాడాలి. నాకెలా తెలుసంటావా, మా పెద్దమ్మాయి పెళ్ళి జాకెట్లన్నీ అక్కడే కుట్టించాం. భార్య పోయింది, పిల్లల్లేరు. కళ్ళు మందగించాక కొట్టు అమ్మేసి ఇక్కడికొచ్చాడు. మైలవరం బస్సు మీద ఈ మెషీను వేసుకుని దిగాడు మహానుభావుడు, బట్టల సంచి బస్సులోనే మర్చిపోయి. టేపు పెట్టేవాడు కాదు. ఆడమనిషి మొహం వంక చూసేవాడే కాదు. మనకి సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదిగా పంపాలి, దాన్ని పక్కన పెట్టుకుని దించేసేవాడు. ‘కాస్త వదులు పెట్టండి’ అంటే, ‘ఆది చూసే కుడతానండీ. మనుషులు పూటకో మాట చెబుతారు, ఆది చెప్పదు’ అనేవాడు. మా ఫ్లోర్ ఆడవాళ్ళందరి ఆదులూ ఆ సొరుగులోనే ఉండేవి.

సాలేహా గారు తొంభై ఎనిమిదిలో వచ్చింది. ఉర్దూ స్కూల్లో టీచరు చేసి రిటైరైంది. పొట్టలో ఆపరేషనై మూణ్ణెల్లు ఆస్పత్రిలో ఉంది, మనిషి సగమైపోయింది. తమ్ముడు నాసిర్, బందరులో మందుల షాపు, తన ఇంట్లో ఉండమన్నాడట. ‘నా గది, నా తాళం నాకు కావాలి పద్మావతమ్మ గారూ’ అని ఇక్కడ చేరింది. నాకా మాట నచ్చింది. నేనూ అందుకే వచ్చాను గదా, పొలం కౌలుకిచ్చేసి. పొద్దున్నే ఆవిడ ఇదిగో, ఈ స్తంభం దగ్గర కూర్చుని రెండ్రోజుల పాత ఉర్దూ పేపరు పైకి చదివేది. ఆయన తల దించుకుని కుట్టుకుంటూ వినేవాడు. ఆవిడ చదవడం ఆపితే మెషీనూ ఆగేది. అంతే. ఇంకేం లేదు. ఉంటే నాకు తెలియకుండా ఉంటుందా, ఎదురు గది నాదే.

తర్వాతి జనవరిలో రంజాను. తమ్ముడు చిలకపచ్చ జాకెట్టు గుడ్డ పంపాడు. ఆదీ గుడ్డా తీసుకెళ్ళి కరిముల్లా గారికిచ్చింది నేనే. ఆ ఆది ఆపరేషను ముందుది, ఇద్దరు సాలేహాలు పడతారు అందులో. పండగ రోజు ఆవిడ కొత్త జాకెట్టేసుకుని డైనింగ్ హాల్లోకొస్తే, ఏం చెప్పను, ఒంటికి అతికినట్టుంది. నాకు నోరు ఆగుతుందా. సేమ్యా గిన్నె చేతిలో పట్టుకుని, నలభై మంది ముందు, ‘కరిముల్లా గారూ, ఆది చూస్తే గోనె సంచంత, జాకెట్టు చూస్తే ఇంత అమరింది. కొలతలు ఎప్పుడు తీసుకున్నారండీ?’ అన్నాను. హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఆవిడ చెంచా కింద పెట్టింది. ఆయన లేచి, సగం తిన్న పళ్ళెం తనే కడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఆవిడ గది దాటి రాలేదు. వంట చేసే తెరేసమ్మ భోజనం లోపలికే పట్టుకెళ్ళేది. ఆయన మెషీను మీద దుప్పటి కప్పేశాడు. మాటకి బస్సు టిక్కెట్టు అక్కర్లేదమ్మాయ్, వారం తిరక్కుండా బందరు చేరింది. నాసిర్ అక్కకి ఫోన్ చేశాడు, ‘ఆపా, నలుగురూ నవ్వే చోట నువ్వుండొద్దు. శుక్రవారం కారు తెస్తున్నాను’ అని. ఆవిడ సరే అంది. నావల్లే గదా. నేను పోయి తలుపు కొట్టాను. ‘నోరు జారింది సాలేహా గారూ’ అన్నాను. ‘మీరు అబద్ధం ఏం చెప్పారు?’ అంది. అంతే, తలుపేసేసింది. తిట్టినా బాగుండేది.

ఈయన దగ్గరికెళ్తే ఈయనదింకో గోల. ‘నలభై రెండేళ్ళలో ఆది తప్పలేదండీ. అది చూసి కుడితే ఆవిడకి వేలాడుతుందని అనిపించింది, చెయ్యి దానంతటదే పోయింది. ఆ జాకెట్టు ఇప్పించండి, సరిచేస్తాను’ అన్నాడు. తెచ్చిచ్చాను. కుట్లు విప్పుతుంటే చూశాను, రెండు పక్కలా లోపల రెండేసి అంగుళాల గుడ్డ మడిచి వదిలాడు. ఇంతెందుకండీ అంటే, ‘కోలుకుంటారు గదా’ అన్నాడు, తల ఎత్తకుండానే. ఆ మడతంతా విప్పేసి, ఆది ఎంతుంటే అంతకి కుట్టి నా చేతిలో పెట్టాడు. మోసుకెళ్ళి ఆవిడకిచ్చాను. ఎవరికి చెప్పుకోను, ఇద్దరి మధ్యా పోస్ట్‌మేన్ ఉద్యోగం.

శుక్రవారం కారొచ్చింది. పెట్టె వరండాలోకి తెచ్చారు. అందరం అటూ ఇటూ పని ఉన్నట్టు నిలబడ్డాం. ఆవిడ ఆ పచ్చ జాకెట్టే వేసుకుని వచ్చింది. భుజాలు జారిపోతున్నాయి, చేతులు గంటల్లా వేలాడుతున్నాయి. తిన్నగా ఈ మెషీను దగ్గరికొచ్చింది. ఆయనతో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడే మనిషి, మా అందరికీ వినపడాలని తెలుగులో అడిగింది. ‘మాస్టారూ, ఇది ఎవరికి కుట్టారు?’

‘ఆది చూసే కుట్టానండీ.’

‘ఆ ఆది మనిషి ఆస్పత్రిలోనే ఉండిపోయింది. నన్ను చూసి కుట్టిందే నాకు సరిపోయింది. మళ్ళీ అలాగే కుట్టండి. ఇకనుంచి నాకు అదే ఆది.’

నాసిర్ కంగారుపడ్డాడు. ‘ఆపా, ఇదంతా బందరులో కుట్టించుకోవచ్చు, బయట కారు...’ అంటుంటే, ‘పెట్టె లోపల పెట్టించి నువ్వు టీ తాగి వెళ్ళు నాసిర్. కుట్టు పని నీకు తెలీదు’ అంది. క్లాసులో పిల్లాడికి చెప్పినట్టు. అప్పుడు తల ఎత్తాడమ్మాయ్, కరిముల్లా గారు. మొదటిసారి ఆవిడ మొహం చూశాడు. చూసి, దుప్పటి తీసి మడత పెట్టాడు. నేనుండబట్టలేక, ‘నా దగ్గర టేపుంది, తెమ్మంటారా?’ అన్నాను. బుద్ధి రాలేదు చూడు నాకు. ‘అక్కర్లేదండీ, గుర్తుంది’ అన్నాడు. ఈసారి ముందు నవ్వింది సాలేహా గారే.

మామిడికాయల రోజుల్లో నికా అయింది, మన డైనింగ్ హాల్లోనే. మైలవరం నుంచి ఖాజీ గారొచ్చారు. ఆవిడ తరపున వకీలుగా, అంటే పెళ్ళికి ఆవిడ ఒప్పుదల చెప్పే పెద్దగా, నిలబడింది ఆ నాసిరే. అరవై మూడేళ్ళ ఆవిడ, అరవై ఎనిమిదేళ్ళ ఆయన. ఖర్జూరాలు పంచడం నా వంతు. పంచినంతసేపూ నోరు మూసుకున్నాను, తెరేసమ్మనడుగు కావాలంటే.

ఏడేళ్ళున్నారు. ముందాయన, ఆర్నెల్లకి ఆవిడ. ఏడాదికోసారి ఆ పచ్చ జాకెట్టు పక్క కుట్లు విప్పి కాస్త వదులు చేసేవాడు. ఆవిడ ఒళ్ళు చేసింది మరి, ఆ వంట తిని. ఆయన పోయే ఏడాదికి ఆ రెండంగుళాలూ అయిపోయాయి. చంకల కింద వేరే ముక్క వేశాడు.

సాలేహా గారి పాత ఆదా? ఆ సొరుగు తియ్యి. కుడి చేతిది. గట్టిగా లాగు, బిగుసుకుంటుంది. ఉందా, నూనె మరకల గుడ్డ? అదే. మెషీను తుడుచుకునేవాడు దాంతో.

...

ఊఁ. ఇంకా మెత్తగానే ఉంది.

నాకెందుకిస్తావ్, ఆ చక్రం తుడువు ముందు. తుప్పు పడుతోంది.