ఆలస్యం స్పీకరుదే

డబ్బు వాపసు వద్దమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు? స్పీకరు కూడా నువ్వే ఉంచుకో. నాకు కావాల్సింది ఒక కాగితం. ఈ కొత్త స్పీకరుకీ, ఈ పాత ల్యాప్‌టాప్‌కీ పొసగదు అని మీ షాపు కాగితం మీద రాసి, కింద నీ పేరు పెట్టు. అంతే. టెస్సా కదూ? జేబు మీద రాసుంది.

నా వెనకాల ఎవరూ లేరులే. మంగళవారం పొద్దున్నే ఎవరొస్తారు? నలభై మైళ్లు బండి నడుపుకుంటూ వచ్చాను, కాస్త విను.

నవ్వకు. అవును, ఈ ల్యాప్‌టాప్ పద్నాలుగేళ్లది. మూత విరిగితే టేపు వేశాను. ఇందులో నా పాటలు మూడువందల పైచిలుకు ఉన్నాయి, అన్నీ పాత రికార్డుల్లోంచి నేనే ఎక్కించుకున్నవి. వాటిని నడిపే ప్రోగ్రాము కొత్త మిషన్లలో పనిచెయ్యదు.

నేను స్క్వేర్ డాన్స్ కాలర్‌ని. తెలీదా? మీ అమ్మమ్మనడుగు, చెబుతుంది. నాలుగు జంటలు చదరంగా నిలబడతాయి. పాట నడుస్తుంటే ఎవరు ఎటు తిరగాలో, ఎవరి చెయ్యి అందుకోవాలో నేను మైకులో పిలుస్తాను. తర్వాతి అడుగేమిటో నేను పిలిచేదాకా వాళ్లకి తెలీదు. నేను అర తాళం తప్పానా, ఎనిమిది మందీ ఒకరి కాళ్లొకరు తొక్కుకుంటారు. మా ఊరి హాల్లో ముప్పై ఒక్క ఏళ్లు పిలిచాను. ఒక్క చదరం కూడా నా మూలంగా చెదరలేదు.

పాత స్పీకరు బంగారం. వైరు ఇదిగో ఇక్కడ గుచ్చితే చాలు, పలికేది. బరువే దాని పాపం. మోసేవాళ్లు లేరని మా క్లబ్బు అధ్యక్షురాలు మార్లిస్ ఏప్రిల్లో ఇది కొనుక్కొచ్చింది. వైర్లు లేవు, చేతిసంచిలో పట్టేస్తుంది అని ఒకటే మురిసిపోవడం. వైరు గుచ్చడానికి దీనికి చిల్లే లేదమ్మా. నా ల్యాప్‌టాప్‌కేమో బ్లూటూత్ లేదు. కొనేముందు, ఏమయ్యా వెర్లిన్, నీ మిషన్‌కి ఇది పనికొస్తుందా అని ఒక్క మాట అడిగితే నోరు అరిగిపోతుందా? మీ షాపులో ఎవరో గోరంత ముక్క ఒకటి చేతిలో పెట్టి, దీన్ని పక్కన గుచ్చండి, రెండూ మాట్లాడుకుంటాయి అన్నారట.

మాట్లాడుకుంటాయి. తీరిగ్గా, కాళ్లు బారజాపుకుని మాట్లాడుకుంటాయి. ఇదిగో, పాట నొక్కుతున్నాను. తెర మీద గీత కదిలిందా? ఇప్పుడు చూడు, పాట ఆ తర్వాత వస్తుంది. వినపడిందా నీకు? పావు సెకను. నీకది లెక్కలోది కాదు. నాకది అర తాళం.

మొదటి శుక్రవారమే రెండు చదరాలు చెదిరిపోయాయి. మా పద్ధతేమిటంటే, వరస తప్పితే ఎవరూ కాలర్‌ని తప్పుపట్టరు. ఎవరి మొదటి చోటికి వాళ్లు వెళ్లి, చేతులు పట్టుకుని, మళ్లీ పిలుపొచ్చేదాకా నిలబడతారు. నాలుగో వారానికి హాలు హాలంతా అలా నిలబడిపోయింది, నా వంక చూస్తూ. పాట మాత్రం నడుస్తోంది. అయిపోయాక ఆనవాయితీ ప్రకారం ఒక్కొక్కళ్లే వేదిక దగ్గరికొచ్చి, థాంక్యూ వెర్లిన్, అని చెప్పి వెళ్లారు. తిట్టినా బాగుండేది.

మార్లిస్ నా చేతిలో నిమ్మకాయ కేకు ముక్క పెట్టి, "ఇంక హాయిగా కూర్చుని కాఫీ తాగొచ్చుగా వెర్లిన్, ఎన్నాళ్లని మమ్మల్ని తిప్పుతావు" అంది. పక్క ఊరివాణ్ణొకణ్ణి అప్పటికే మాట్లాడేసిందట. వాడు ఫోన్లో పాటలు పెట్టుకొస్తాడు. శనివారం సమావేశం. మైకు నాదా, వాడిదా అని చేతులెత్తి తేలుస్తారు. వాళ్ల ముందు పెట్టడానికే నాకు ఆ కాగితం.

ఏమిటీ? ముందా, వెనకా అంటే? నా పిలుపు పాటకి ముందు పడిందా, వెనక పడిందా అనా? ఏదైతేనేం, తేడా వచ్చిందిగా. నువ్వు ముందు ఆ కాగితం రాయి.

తెలివైనదానివే. మూడు నెల్లుగా మార్లిస్ బుర్రకి తట్టలేదీ ప్రశ్న.

సరే. స్పీకరు ఆలస్యమైతే, నేను తెర మీద గీత చూసి పిలిస్తే, నా పిలుపు పాటకంటే ముందు పడాలి. అవునా? కానీ వాళ్లంతా నా చాటున మార్లిస్‌తో అన్నది నేను వెనకబడుతున్నానని.

నిన్న మధ్యాహ్నం గరాజ్‌లో పాత స్పీకరు దించాను. వైరు గుచ్చి పిలిచాను. మా ఆవిడ లోరీన్ కుర్చీలో కూర్చుని, పాట వింటూ కుర్చీ చెయ్యి మీద తాళం కొట్టింది. ఆవిడ చెయ్యి పడ్డాకే నా పిలుపు. ప్రతిసారీ. వైరున్నా అంతే.

లోరీన్ ముప్పై ఏళ్లు మొదటి చదరంలో, సరిగ్గా నా ఎదురుగా నిలబడేది. తెల్ల బూట్లు వేసుకునేది. అప్పట్లో నేను గీత ఎప్పుడు చూశాను? పాట ఎప్పుడు విన్నాను? ఆ బూట్లు వేసే తాళం చూసి పిలిచేవాణ్ణి. మార్చిలో ఆవిడకి తుంటి ఎముక మార్చారు. ఇప్పుడు కాఫీ బల్ల దగ్గర కూర్చుంటోంది. ఏప్రిల్లో స్పీకరొచ్చింది. తప్పు మొయ్యడానికి వేళకి దొరికింది నాకు.

ఆవిడకి తెలుసు. ఈ పొద్దున రసీదు వెతికి చేతిలో పెట్టింది ఆవిడే. నాకు సిగ్గేసింది.

రాయమ్మా. పాత ల్యాప్‌టాప్‌తో ఈ స్పీకరు ఆలస్యంగా పలుకుతోంది అని రాయి. అందులో అబద్ధమేముంది?

ఏమన్నావు? తలొంచుకుని మాట్లాడకు తల్లీ, ఇటు తిరిగి చెప్పు. ఇందాకట్నుంచీ నీ పెదాలు చూసే నీకు జవాబు చెబుతున్నాను.