టైమర్‌కు రాసిచ్చిన పేర్లు

తొంభై తొమ్మిది ఎండాకాలం. మిర్యాలగూడలో కొత్త ఉప్పుడు బియ్యం మిల్లుకు కంప్యూటర్ నడిపే మనిషి కావాలి. ఆ మిల్లు మేస్త్రి గౌరయ్యను, సూర్యాపేటలో ఆర్నెల్లు కోర్సు చేసిన కిష్ట్యా సత్తెమ్మ చాయ్ బండి కాడ కూర్చోబెట్టాడు. ఆ కొలువు అతనికి కావాలి మరి.

"జర ఇను గౌరన్నా. కంప్యూటర్ల ఉండే టైమర్‌కు ఏ పనీ రాదు. యాళ్లకు పిలుస్తది, గంతే. ఎవరిని పిలువాల్నో మనమే పేరు రాసియ్యాలె. గా పేరునే డెలిగేట్ అంటరు, మన తరఫున పోయేటోడన్నట్టు. కోదాడ మిల్లుల ఒక్క పేరే రాసిన: నానిన వడ్ల తొట్టి నీళ్లు వదులుమని. యాళ్ల గాంగనె వదిలింది!"

"నిజమే?" అంది సత్తెమ్మ.

"అగో! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఆవిరి పట్టుడు రాసిన, ఆరబెట్టుడు రాసిన. ఒక్క పిలుపుకు ముప్పై పనులు ఉరుకుతున్నయ్, హమాలీలు పేకాటకు కూసున్నరు. ఇగ ముచ్చట సాగర్ దాంక పోయింది, డ్యాం గేట్లన్నీ నా టైమర్‌కే తగిలిచ్చిండ్రు. గా నీళ్లు తాగి నేరేడుచర్ల వరి గూడ మాట ఇనుడు మొదలువెట్టింది. నాలుగింటికి ఈనుమంటే నాలుగింటికే ఈనింది! ఆత్మకూరు బర్లయితే పిలుపు ఇనంగనె చెర్ల నుంచి లేసి పాలకు లైన్ల నిలవడ్డయ్."

"పొద్దు గూడ నిన్నడిగే పొడుస్తదేమో."

"నవ్వకు అక్కా. ఒకనాడు రెండు నిమిషాలు ఆల్శం జేసింది. దాని పేరు తీసేసి మల్ల రాసిన, దారికొచ్చింది."

గౌరయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"పొద్దు పేరు తీసినవ్, మంచిగున్నది. కోదాడల ఆవిరి పేరు ఎందుకు తీయలే? రోజు పొద్దుగాల కంప్యూటర్ తెరిచి గదే పేరు మల్ల మల్ల రాసినవట, నీ తర్వాత వచ్చినాయన విప్పి సూపిచ్చిండు. ఎనిమిదో నాటికి ఒక్క పిలుపుకు ఎనిమిదిసార్లు ఆవిరి వట్టి వడ్లన్నీ గంజయినయ్. గప్పుడు గది ఎత్తిపోసిన హమాలీని నేనే. మొఖానికి తువ్వాల కట్టుకొనుంటి, నువ్వు గుర్తువట్టలే."

సత్తెమ్మ పొట్ట పట్టుకొని నవ్వింది. కిష్ట్యాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"అయితే కొలువు లేనట్టేనా అన్నా?"

"ఉన్నది. ఒకపారి చెడగొట్టినోడు రెండోపారి చూసుకుంటడు. కానీ గా కోదాడ ముచ్చట ఉన్నదున్నట్టు మా షావుకారుకు నువ్వే చెప్పాలె."

కిష్ట్యా తల గోక్కున్నాడు.

"గంత సిన్న కథ చెప్పుడు నాకు రాదన్నా."