గౌరి మిద్దె దిగిన పొద్దు

"అవ్వా, కరోనా అప్పుడు నిలిచిపోయిన పిల్లోళ్ళ కోలాటం మళ్ళీ ఎట్ల మొదులుపెట్టినావు? మాయమ్మ నిన్నే అడగమన్నాది."

మీయమ్మ అట్లనే అంటాది, తనకు తెలిసింది కూడా నా మీదికి తోస్తాది. కూచ్చో పాపా, ఆ ఎండలో యాల, ఇట్ల నీడకు జరుగు.

కోలాటం మా నాయన కాలం నుంచి మనింట్లో ఉండేదే. మా నాయన తుమ్మకట్టె చెక్కి కర్రలు చేస్తాండె. కాదు కాదు, తుమ్మ బరువెక్కువ, చండ్రకట్టె అది. ఆ కాలంలో రూపాయి పెడితే జత గజ్జెలు వస్తాండె, ఆ రూపాయే ఉండేది కాదనుకో. నాయన పోయినాక నేను పట్టుకుంటి. పొద్దు వాలితే ఊర్లో పిల్లోళ్ళంతా వచ్చేవాళ్ళు, అడుగు నేర్పిస్తాంటి. ఆ రోగం వచ్చినాక అంతా నిలబడిపాయ. బడి ల్యా, ఆట ల్యా. పిల్లోళ్ళు ఒగొగరు ఒగొగ గడపలో కూచ్చోని ఫోన్లు చూసుకుంటా ఉండ్రి.

రెండోసారి వచ్చిన జోరు తగ్గినాక బళ్ళు తెరిచిరి. పిల్లోళ్ళు నా దగ్గరికి వచ్చి, దూరంగానే నిలబడి, "అవ్వా, కోలాటం ఎప్పుడు?" అని అడిగిరి. నాకు భయం లేక కాదు పాపా, ఉండాది. కానీ వాళ్ళ మొఖాలు చూస్తే... నా చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసింటే మాయమ్మ యాపాకు కట్టి లోపల్నే పెట్టె. తగ్గి బయటికి వస్తే నా జతోళ్ళు ఒగ అడుగు ఎనిక్కి జరిగిరి. వాళ్ళ తప్పు కాదు, ఇండ్లల్లో అట్ల చెప్పింటారు. అయినా ఆ అడుగు నాకు ఇప్పటికీ మతికుండాది.

అందుకని మనూరి ఆశమ్మను అడిగితి, ఇల్లిల్లూ తిరిగి జరాలు చూస్తాది కదా, ఆయమ్మను. గోడల మధ్య వద్దు, బయల్లో ఆడించు అనె. ఎవురి కర్రలు వాళ్ళే తెచ్చుకోవల్ల, వాళ్ళే తీసుకపోవల్ల, మూతికి గుడ్డ ఉండల్ల, దగ్గో జరమో ఉంటే ఇంట్లోనే ఉండల్ల అనె. శెనిక్కాయ ఇంకా ఇంటికి రాలే, కళ్ళం ఖాళీగా ఉండె. ఆడ మొదులుపెడితిమి. చేయి చాపి నిలబడమంటి. చేతికి చేయి తగలదు, కర్ర కొనకు కర్ర కొన తగుల్తాది, అంతే.

ఆ కళ్ళానికి ఆనుకోనే రత్నమ్మ మిద్దె. రత్నమ్మ నీకు తెలీదు. వాళ్ళాయన లారీ తోల్తాండె, మంచి మనిషి, పామిడి పక్క పోతే నాకు తువ్వాల తెచ్చిచ్చేవాడు. మొదటిసారే ఆ రోగానికి అనంతపురం ఆస్పత్రిలో పోయినాడు. మనిషిని ఇంటికి తేనీలే. రత్నమ్మ మొఖం చూడలే, వాళ్ళ పాప గౌరీ చూడలే. ఆ పొద్దు నుంచి రత్నమ్మ తలుపేసుకున్యాది. బడి తెరిచినా పాపను పంపలే. గౌరికి తొమ్మిదో పదో ఉంటాయి. ముందు ఎంత గలగల మాట్లాడేది, మాకు పాటంతా ఆ పిల్లే ఎత్తుకుంటాండె. నాయన పోయినాక నోరు మూసుకున్యాది. ఏమడిగినా తల ఊపడమే.

మేము మొదులుపెట్టిన సాయంత్రం తలెత్తి చూస్తే గౌరి మిద్దె మీద ఉండాది. చేతిలో రెండు కందికట్టెలు. మేము కింద అడుగేస్తే పైన అడుగేస్తాది, మేము కర్ర కొడితే గాలిలో కొడ్తాది. ఎదురుగా ఎవరూ లేరు. కందికట్టెకు శబ్దమేముంటాది? 

మర్సనాడు రత్నమ్మ గడప కాడికి పోయి, బయటే నిలబడి అడిగితి. "రత్నా, పాపను దించుమ్మా. నువ్వు గట్టున కూచ్చోని చూస్కో."

"పెద్దమ్మా, ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్తారు? నువ్వు చెప్తావా?"

 ఏం కాదులే అని నేను అనలే. "చెప్పలేనమ్మా," అంటి. "చెప్తే అబద్ధమైతాది. మేము ఏమేం జాగర్త తీసుకుంటాండామో అది మాత్రం చెప్తా." చెప్తి. ఆయమ్మ విని తలుపేసె. ఇంగ అడగకూడదనుకుంటి. బిడ్డ ఆయమ్మది, భయం ఆయమ్మది, విసిగిస్తే ఏమొస్తాది.

వారం తిరక్కుండానే నాగవేణికి, మన పక్కింటి పాపకు, ఒళ్ళు కాలే జరం. ముందురోజు మాతోపాటు ఆడింది ఆ పిల్ల. ఆ పొద్దే నిలిపేస్తిమి. పాపకు జరం, మీ పిల్లోళ్ళను కనిపెట్టుకోండి అని ఇల్లిల్లూ తిరిగి చెప్తి. దాచలే. కొందరు తిట్టిరి కూడా. "ముసల్దానివి, నీకు ఈ వయసులో ఆటలు యాల" అనిరి. పడితి. నాగవేణిని బత్తలపల్లె ఆస్పత్రికి తీసుకపోయి పరీక్ష చేయించిరి.  అది కరోనా కాదు, వట్టి జరమే అనిరి. అయినా పాప బాగా తేరుకునేదాకా ఆగి, మళ్ళా కూడితిమి. ముందు వచ్చినోళ్ళల్లో కొందరు రాలే. వాళ్ళ ఇష్టం.

ఆ సాయంత్రమే రత్నమ్మ మిద్దె దిగి వచ్చె, గౌరి చెయ్యి పట్టుకోని. మూతికి గుడ్డ కట్టుకోని, దాని మీద కొంగు కూడా అడ్డం పెట్టుకున్యాది.

"ఒగ పిల్లకు జరమొస్తే అందర్నీ ఆపినావు పెద్దమ్మా, ఇంటింటికీ చెప్పినావు. అది చూసి వచ్చినా," అనె. "కానీ నా పాప నాతోనే కొడ్తాది. ఇంగెవరితో వద్దు."

"అట్లనే కానీ," అంటి.

తల్లీ బిడ్డా ఎదురుబొదురు నిలబడిరి. రత్నమ్మకు కోలాటం రాదు, గౌరే అడుగు చూపించె. బాగానే కొడ్తాండ్రి. అయితే మన కోలాటంలో ఒగ కోపు ఉండాది కదా, లోపలి వరస నిలబడి ఉంటే బయటి వరస ఒగొగ మనిషితో కర్ర కొట్టి, దాటుకోని చుట్టూ తిరుగుతా పోతాది. గౌరి బయటి వరస. పాట ఆడికి వచ్చేతలికి గౌరి ముందుకు కదిలె. రత్నమ్మ కూడా దాని ఎంబడే కదిలె. వరసంతా గజిబిజి ఆయ, పిల్లోళ్ళు నవ్విరి. నేను పాట ఆపితి.

అప్పుడు గౌరి నోరు తెరిచె. అందరికీ వినపడేట్ల చెప్పె.

"అమ్మా, నువ్వు ఆడనే నిలబడు. నేను చుట్టూ తిరిగి మళ్ళా నీ తావకే వస్తా."

రత్నమ్మ అట్లనే నిలబడిపాయ. నేను పాట ఎత్తుకుంటి. ఎదురుగా వచ్చిన పిల్లోళ్ళ కర్రకు ఆయమ్మ కర్ర తగిలిస్తానే ఉండాది, కండ్లు మాత్రం గౌరి ఎంబడే తిరుగుతాండాయి. గౌరి నాగవేణితో కొట్టె, ఆ పక్క పిల్లతో కొట్టె, అట్ల కళ్ళం ఆ కొనకు పాయ. మళ్ళా ఈ పక్కకు తిరిగె. తల్లి ముందరికి వచ్చి కర్ర కొట్టినప్పుడు చూడల్ల రత్నమ్మను. కొంగు ఎప్పుడు జారిపోయిందో ఆయమ్మకే తెలీదు. మూతి మీది గుడ్డ కండ్లనీళ్ళకు తడిసిపోయిండాది.

ఆ తర్వాత సోమారం గౌరి బడికి పాయ. రత్నమ్మ ఎంబడే పోయి, బడి విడిచేదాకా గేటు కాడనే కూచ్చుంటాండె కొన్నాళ్ళు. ఎవరూ ఏమీ అనలే. తర్వాత తర్వాత తానే మానుకున్యాది. భయం పోయిందా అంటే, యాడికి పోతాది పాపా. ఈ పొద్దుకూ గౌరి తుమ్మితే చేతిలో పని వదిలేసి నుదురు తాకి చూస్తాది.

ఇంగ లేయి, బస్సు పోతాది మళ్ళా. నీకు పుట్టే బిడ్డలు పదిమంది నడుమ ఆడుకోని, ఒళ్ళంతా దుమ్ము చేసుకోని ఇంటికి రావల్ల, నువ్వు తిట్టుకుంటా నీళ్ళు పోయల్ల. అట్ల ఉండల్ల నువ్వు, సల్లగా...