వేరే మనిషి దగ్గర నేర్చుకున్నది

నారాయణఖేడ్. 2012 మే నెల. పక్కింటి లింగమ్మ పొద్దున్నే చనిపోయింది. గోడకు ఇవతల హన్నమ్మ, ఆమె బిడ్డ లిల్లీ.

"గా ప్రశ్న ఇంకోసారి చదువు, లిల్లీ."

"ఎన్నిసార్లమ్మా? 'మీకంటే వేరే తీరు బతుకు ఉన్న మనిషి దగ్గర మీరేం నేర్చుకున్నారు?' గంతే. రాసి పంపితెనే కాలేజోళ్లు సీటు సంగతి చూస్తరు."

"పాస్టరయ్య గురించి రాయి."

"ఆయన దగ్గర నేనేం నేర్చుకున్ననే?"

"వాక్యం నేర్చుకోలే?"

"వాక్యం అందరికి చెప్తడు. నేను లింగవ్వ గురించి రాస్త."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"మెల్లగ మాట్లాడు. పక్కన పీనుగున్నది."

"అందుకే రాయాల్ననిపిస్తుంది. మరిది కొడుకు సంగప్ప పొలం గుంజుకున్నా, ఆయన పిల్లలొస్తె రొట్టె పెట్టకుండ పంపిందా ఎన్నడన్న? నాకైతె గంత మనసు లేదు. ఆమెను చూసే జర నేర్చుకున్న."

"నేర్చుకుంటె నేర్చుకున్నవ్. కాయితం మీద పెట్టకు. సాయంత్రం పాస్టరయ్య నీకు ఉత్తరం రాసియ్యాలె. అది లేకుంటె మిషన్ కాలేజీల సీటు లేదు. పీనుగ కాడ వాళ్ల మొక్కులల్ల కలిస్తె ఉత్తరం ఇయ్యనని మీ నాయనకు పొద్దుగాల్నే చెప్పిండు."

"గందుకేనా నన్ను గడప దాటనిస్తలేవు?"

"గందుకే."

"నువ్వు మాత్రం గోడ మీదికెళ్లి తొంగి తొంగి చూస్తున్నవ్. ఏడుస్తున్నవా?"

"పొగ."

"ఇయ్యాల పొయ్యే ముట్టియ్యలే గదమ్మా."

"రాసుకో, రాసుకో. ఎవరో వస్తుండ్రు."

"హన్నమ్మక్కా..."

"ఏంది సంగప్పా? ఇంకా ఎత్తుతలేరు?"

"ఏం ఎత్తుడక్కా. నిప్పుకుండ పట్టెటోళ్లు లేరు. నా పెండ్లాం కడుపుతోనున్నది, నేను పట్టొద్దు. తమ్ముడు శివరాజ్ హైదరాబాదుల ఉన్నడు, ఫోన్ కలుస్తలేదు. ఈ ఎండకు పీనుగ ఆగుతదా? పెద్దమ్మకు పిల్లలు లేకపాయె. దిక్కులేనిదాని లెక్క తీస్కపోతం, ఏం చేస్తం."

"జర ఆగు."

"ఎవరి కోసం?"

"ఆగమన్న గద. వాకిట్ల నిలబడు."

"అమ్మా, ఆయన్ని ఎందుకు ఆపినవ్?"

"నీకన్న ముందు ఇద్దరు పుట్టి పోయిండ్రు. తెలుసు గద."

"తెలుసు."

"నువ్వు పుట్టంగనే మీ నాయన ఇంట్ల ప్రార్థన పెట్టిచ్చిండు. నాకు ధైర్యం చాలలే. ఆయన బయటికి పోంగనే నిన్ను చాటల పండవెట్టి లింగమ్మకు అమ్మిన. దోసెడు తౌడుకు."

"అమ్మినవా?"

"పుట్టినోళ్లు పుట్టినట్టే పోతుంటె, వేరే కులపోళ్లకు అమ్ముతరు. మన పిల్ల కాదనుకుంటె సావు జోలికి రాదంటరు. పిల్ల గట్టిపడ్డంక తౌడు తిరిగిచ్చి మళ్ల కొనుక్కోవాలె."

"నన్నెప్పుడు కొనుక్కున్నవ్?"

"మెల్లగ. సంగప్ప వింటడు."

"అమ్మా. ఎప్పుడు?"

"కొనలే. ప్రతి యేడు అనుకునుడే. తెచ్చుకుంటె నువ్వు గూడ పోతవేమోనని నా పానం కొట్టుకుంటుండె. ఆమె గూడ ఎన్నడడగలే. నువ్వు బడికి పోతుంటె గడపల కూసొని చూసేది, గంతే."

"నాయనకు తెలుసా?"

"తెల్వదు. ఇయ్యాల తెలుస్తది."

"నేను పోయి నిప్పుకుండ పడితె ఉత్తరం రాదమ్మా."

"రాదు."

"సీటు గూడ..."

"తెలుసే. పొద్దుగాల్నుంచి గదే అనుకున్న. నోరు మూసుకుంటె నీ బతుకు బాగుపడ్తదనుకున్న. నాతోని అయితలేదు, లిల్లీ. లే. నెత్తి మీద రెండు చెంబులు నీళ్లు పోసుకో."

"అక్కా, ఎండ ముదురుతుంది. ఏమంటవ్? ఎత్తమంటవా?"

"ఎత్తుండ్రి సంగప్పా. లింగమ్మ బిడ్డ వస్తుంది."