ఆ సినిమాలో రెండోవాడు

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఐదో ఏట. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తప్పిపోయి ఉంటాయి, మన్నించండి. నిదానంగా రాస్తాను. ఈ కొన్ని పుటలకే పదకొండు దినాలు పట్టింది. మాటలు మాత్రం పలికినవి పలికినట్టే పెట్టాను.

ఎమ్మిగనూరు. మధ్యాహ్నం రెండు దాటింది. మగ్గం ఇంట్లో నీలమ్మ రాట్నం ముందు కూచుని కండెలు చుడుతోంది. కూతురు మంజు ఆదోనిలో మొగుడి దగ్గరికి తిరిగి పోవడానికి సంచి సర్దుకుంటోంది. ముందురోజు తల్లీకూతుళ్లిద్దరూ ఆదోనికి పోయి ఒక సినిమా చూసి వచ్చారు.

“అయితే ఇద్దరు కాదంటావు.”

“కాదు మా! ఎన్నిసార్లు చెప్పాల? ఒక్కడే. ఒక్కడే మనిషి.”

“కవల పిల్లోళ్లేమో అనుకుంటి.”

“కవలలు కాదు, అన్నదమ్ములు కాదు, ఏషం కట్టినోడూ కాదు. ఆ డ్రాయింగు మాస్టరు ఉండాడు కదా, మాట తడబడతా ఉంటాది, పిల్లోళ్లకు బొమ్మలు నేర్పిస్తాడు. వాని లోపలే ఇంకొకడుండాడు. ఆ రెండోవాడు బయటికొచ్చినప్పుడు మాట తడబడదు. చంపేది వాడు.”

“లోపలికి ఎట్ల పోయినాడు?”

“అయ్యో రామా! యాన్నుంచీ పోలేదు. అది రోగం. చివర్లో డాక్టరమ్మ అంతా చెప్పింది కదా. నువ్వు అప్పుడు బొరుగులు తింటాంటివి.”

“బొరుగులు తింటే సెవులు మూసుకుంటాయా? ఇన్యాను. అంటే మన వీధిలో దేవమ్మకు ఎల్లమ్మ వొస్తాది సూడు, అట్లనా?”

“అట్ల కాదు. దేవమ్మకు ఎల్లమ్మ వస్తే వీధంతా చుట్టూ నిలబడి చూస్తాది. వీడు అట్ల రాడు. ఎవరూ లేంది చూసి వస్తాడు.”

“అదే నేనూ అంటాండేది. ఎవరూ లేంది సూసి వొస్తాడు.”

“మళ్లా మొదలుపెట్టినావా? మా, మూడు గంటలకు ఆయప్ప నన్ను పిల్చుకోని పోయేదానికి వస్తాడు. ఆ రెండు చీరలు మడిచి ఇయ్యి, సినిమా ఇడిసిపెట్టు.”

“టికెట్లు తీసిచ్చింది నీ మొగుడే కదా. సూసినాక అడగొద్దా?”

“ఎందుకు తీసిచ్చినాడో నీకు తెలుసు.”

“నువ్వు సెప్పు. నోటితో సెప్పు.”

“ఆయప్ప కూడా అట్లనేనంట. ఫోన్లో ఏడ్చినాడు మా. ‘నిన్ను కొట్టింది నేను కాదు మంజూ, నాలో ఇంకొకడుండాడు, తర్వాత నాకేమీ గుర్తుండదు. మీయమ్మను కూడా పిల్చుకోని పోయి ఆ సినిమా చూడు, ఆమెకే అర్థమైతాది’ అన్నాడు.”

“నాకేం అర్థం కాల్యా.”

“నీకు అర్థం చేసుకోవాలని లేదు. అది వేరే.”

“సరే, ఒగటి సెప్పు. ఆ మాస్టరుకు సేతికి గడియారముండె కదా.”

“ఉండె. వాళ్లమ్మ ఇచ్చింది.”

“సంపబోయే ముందర దాన్ని తీసి యాడ పెడతాండె?”

“కిటికీలో. ప్రతిసారీ. అయితే?”

“ఎందుకు?”

“రక్తం అంటుతాదనేమో! నాకేం తెలుసు, సినిమా తీసినోన్ని అడుగు.”

“వాళ్లమ్మ గడియారం ఇచ్చింది ఎవరికి?”

“మాస్టరుకు.”

“మరి రెండోవానికి మాస్టరు గడియారం మీద అంత పానమెందుకు? ఒగడు సేసేది ఇంకొగనికి తెలీదంటివి కదా.”

“ఓ నా తల్లీ! అది సినిమా! కథ!”

“కథే. నేనూ కథే అడుగుతాండా.”

“నువ్వు కథ అడగల్యా. నన్ను పోవద్దని తిప్పి తిప్పి చెప్తాండావు. చెప్పేదుంటే నేరుగా చెప్పు.”

“సెప్తే ఇంటావా?”

“వినను. రెండు నెలలాయె నేనొచ్చి. నీళ్ల కాడికి పోతే ‘ఎప్పుడు పోతావు’, కూరగాయలకు పోతే ‘ఎప్పుడు పోతావు’. విని విని తల పగిలిపోతాంది. ఆయప్ప తప్పు ఒప్పుకున్నాడు, ఇంకేం కావాల? మొగోళ్లందరూ నాయన మాదిరి ఉంటారా?”

“మీ నాయన మాదిరి.”

“ఊ. గోడ మీద ఆ పటంలో నవ్వు చూడు. ఒక్కనాడన్నా నన్ను గట్టిగా ఒక మాటన్నాడా? తొమ్మిదేండ్లకే నన్ను మగ్గం ఎక్కించినాడు. అప్పుడు ఏ ఇంట్లో ఆడపిల్లకు నేర్పిస్తాండ్రి? ‘నా బిడ్డ మగ్గం వీధి చివరిదాకా వినపడాల’ అంటాండె.”

“బాగా గుర్తుంది నీకు.”

“గుర్తుండదా? ఉండు, ఉండు, నువ్వు లేవొద్దు. అటక మీది దుప్పటి నేనే తీసుకుంటా. నీ ఎడమ చెయ్యి పైకి లేవదు.”

“లేవదు.”

“మగ్గం కింద కాళ్లు పెట్టే గుంతలో పడినప్పటి నుంచీ అంతే. అప్పుడే కర్నూలు పోయి చూపించుకోమంటే పోకపోతివి.”

“నీ మొగుడు నాగేష్ సంగతి సెప్పు. వాడు సేతికి గడియారం కట్టుకుంటాడా?”

“లేదు, ఫోన్లోనే చూసుకుంటాడు. ఎందుకు?”

“మరి వాడేం తీసి పెడతాడు, ముందర?”

“ఏమీ తీసి పెట్టడు.”

“ఏం సేస్తాడు?”

“ఏమీ చెయ్యడు మా! ఊరికే ఇసిగించొద్దు నన్ను!”

“మంజూ.”

“తలుపేస్తాడు.”

“ఇంకా?”

“ఇంకేముంది? తలుపేస్తాడు, అంతే. టీవీ...”

“టీవీ ఏమి?”

“సౌండు పెంచుతాడు. కింద ఓనరు వాళ్లుంటారు కదా, వాళ్లకు... మా, రాట్నం ఎందుకు ఆపినావు?”

“మనింట్లో అప్పుడు టీవీ లేదు.”

“ఏమంటాండావు?”

“టీవీ లేదు మంజూ. మగ్గమే ఉండె.”

“ఉండె. అయితే?”

“నిన్ను మగ్గం మీద కూసోబెట్టి మీ నాయన ఏం సెప్తాండె?”

“‘నేను వచ్చేదాకా ఆపొద్దు పాపా’ అంటాండె.”

“సెప్పి యాడికి పోతాండె?”

“యాడికేముంది, లోపలింట్లోకి. నువ్వు ఆడ పొయ్యి కాడ... నువ్వు ఆడనే...”

“ఊ. నేను ఆడనే.”

“మా.”

“గుంతలో పడల్యా నేను. పుట్టినప్పటి నుంచీ గుంత మగ్గాల నడుమ పెరిగినదాన్ని, నేను గుంతలో పడతానా?”

“అబద్ధం. నన్ను ఆపేదానికి, చచ్చిపోయిన మనిషి మీద... ఛీ! ఆ పటానికి దినామూ దండ ఏస్తాండేది నువ్వే కదా!”

“నేనే. మంచోడు కాదని నేనంటినా? నిన్ను ఎత్తుకున్నప్పుడు మంచోడు, నలుగురిలో మంచోడు. అందుకే నేనూ అట్లనే అనుకుంటి, ఇద్దరుండారని. దేవరగట్టుకు పోయి మొక్కుకుంటి, ‘సామీ, ఆ రెండోవాన్ని తీసుకుపో, మొదటోన్ని నాకు ఇడిసిపెట్టు’ అని. నాలుగేండ్లు మొక్కితి.”

“తర్వాత?”

“ఒగదినం పోగు తెగినట్లుంది, నువ్వు మగ్గం ఆపినావు. మీ నాయన ఎత్తిన సెయ్యి ఎత్తినట్లే నిలబెట్టినాడు. నువ్వు మళ్లా మొదలుపెట్టేదాకా కాసుకోనుండె. ఆ పొద్దు తెలిసిపాయె నాకు, ఉండేది ఒగడే అని. మళ్లా మొక్కల్యా.”

“పోగు తెగితే నేను గబగబా ముడేసేదాన్ని మా.”

“తెలుసు.”

“నాయన మెచ్చుకుంటాడని. గబగబా ముడేసి...”

“తెలుసు బిడ్డా. తొమ్మిదేండ్ల పిల్లవు. ఇది నీకు తెలియగూడదనే ఇన్నేండ్లు నోరు మూసుకుంటి. నిన్న ఆ సినిమా సూడకపోతే ఇప్పుడూ సెప్పేదాన్ని కాదు.”

“మగ్గం చప్పుడు... అంటే నేను నేసిందంతా...”

“ఫోను మోగుతాంది సూడు. వాడే అయ్యుంటాడు.”

“మోగనీ.”

“తీసుకో. పోతానంటే పో, పోనంటే పోవద్దు. నేను ఏమీ సెప్పను. సెప్పాల్సింది సెప్పినా.”

“ఇట్ల ఇయ్యి. ఆ, చెప్పు నాగేష్. ముందే దిగినావా? బస్టాండులోనే ఉండావా? లేదు, సంచి సర్దల్యా. ఊ, చూస్తిమి సినిమా, ఇద్దరమూ చూస్తిమి. బాగుంది. అమ్మకు కూడా అర్థమయింది. ఒకటి అడుగుతా, చెప్పు. టీవీ సౌండు పెంచేది ఎవరు? నువ్వా, ఆ రెండోవాడా? ఏడవద్దు, చెప్పు. తెలీదా? సరే. మూడున్నరకు ఆదోని బస్సు ఆడనే నిలబడి ఉంటాది. ఇద్దరూ ఎక్కి పోండి.”

నీలమ్మ, యాభై ఎనిమిదేళ్లు, ఎమ్మిగనూరు. నేనూ మంజూ ఒకే ఇంట్లో ఉంటాం.