పై మంచం మీద రోము

దేశం కాని దేశంలో, వుడ్‌ల్యాండ్స్‌లో షిప్‌యార్డు కార్మికులుండే గది. తినేవాళ్లు పదకొండుమంది, వండేవాడు ఒక్కడు. లోకమంతా ఇదే లెక్క. ఆదివారం మధ్యాహ్నం ఆ ఒక్కడూ రెండంతస్తుల మంచంలో పై మంచమెక్కి కూర్చున్నాడు. కింద ఒకడు ఖాళీ కంచంతో నిలబడ్డాడు.

“దిగు బావా, ఆకలేస్తంది.”

“దిగను. సమ్మె.”

“సమ్మేటి? ఎవుడు నేర్పినాడు?”

“రోమోళ్లు. ఫోన్లో సూసినాను. పూర్వం అక్కడ పేదోళ్లందరూ పని వొదిలేసి కొండెక్కీసినారు.”

“అయ్యో పాపం! అందరూ ఒకేసారే?”

“సావలేదురా ఎదవా! దీపం కొండెక్కినట్టు కాదు. నిజం కొండే. ఎక్కి కూకున్నారు.”

“వుడ్‌ల్యాండ్స్‌లో కొండేదీ?”

“అందుకే మంచమెక్కినాను.”

“మరి దొరలేటి సేసినారు?”

“బెదిరిపోనారు. ఓ పెద్దమనిషిని పంపి కత సెప్పించినారు. కాళ్లూ సేతులూ కడుపు మీద అలిగితే ఒళ్లంతా నీరసించిపోద్దంట.”

“నిజమే కద! నా కడుపూ అదే సెప్తంది. దిగు.”

“ఉత్త కతలకి దిగుతారేటి? హక్కిచ్చినాకే దిగినారు. దొర ఏ హుకుమిచ్చినా పేదోళ్ల మనిషి ఒక్క మాటంటే ఆగిపోవాల. దాన్నే వీటో అంటారు.”

“ఓస్, అంతేనా! నీకూ ఇచ్చీసినాం. అందరి తరపునా ఒట్టు. ఇంక దిగి పప్పెట్టు.”

అతను బుద్ధిగా నిచ్చెన దిగాడు. చెప్పులేసుకున్నాడు.

“ఒల్ల.”

“ఏటీ?”

“వీటో అంటే మన బాసలో అదే. ఉల్లిపాయలు ఆ సంచిలో ఉన్నాయి, కొయ్యి.”