గాడిదలతోటి మాట్లాడిన జాతర

"అమ్మమ్మా, జాతరల గాడిదల పందెంల నువ్వు గూడ ఉరికినవంట, నిజమేనా?"

అవ్ బిడ్డా, నిజమే. ఉరికిన అంటే ఉరుకలే, నడిచిన. ఈ ఈడుకు ఉరుకుడేంది. ఫోన్ల రికార్డు అయితాందా? జర దగ్గర పెట్టు, నా గొంతు చిన్నగొస్తది.

మొన్నటి జాతర గాదు, అంతకు ముందటిది. ఎప్పుడూ ఎడ్ల పందేలేనా అని కమిటీ పిల్లలు ఆ యేడు గాడిదలకు, కంచర గాడిదలకు పందెం పెట్టిన్రు. గాడిద మీద ఇసుక సంచులేసి వాగు కాడికెల్లి జాతర మైదానం దాక నడిపియ్యాలె. కట్టె పట్టొద్దు. గా రూల్ నాకు నచ్చింది.

మీ తాతనే పోవాల్సింది గానీ, మోకాలు వాచింది. దవాఖానాల సూదేయించినా తగ్గలే. "నేను పోత" అన్న. "నువ్వా" అన్నడు. "మల్లికి మేతేసేది నువ్వా నేనా" అన్న. ఇగ తాడు నా చేతికిచ్చిండు. మల్లి అంటే మా గాడిద. బూడిద రంగుది, వీపు మీద నల్ల చార.

ముందుగాల ఒకటి జెప్పాలె నీకు. మీ చిన్నతాత ఎంకటి ఉన్నడు గదా, మీ తాతకు సొంత తమ్ముడు. ఆయన పెండ్లాం రాజవ్వ నాకు సొంత చెల్లె. అక్కచెల్లెండ్లం ఒక్క ఇంటికే కోడండ్లమైనం. మా ఇద్దరి పెండ్లిళ్లకు మా నాయన ఒక్కటే పందిరేసిండు. అప్పట్ల పెండ్లి చీర పన్నెండు రూపాయలు... కాదు కాదు, పద్దెనిమిది. ఎర్రంచుది. సరే, అది ఇడిసిపెట్టు.

మేం వేరు పడ్డప్పుడు మల్లి సూడితోటి ఉంది. తల్లి పెద్దోనికి, పుట్టేది చిన్నోనికి అని పెద్దమనుషులు చెప్పిన్రు. బాగనే ఉంది. కానీ పిల్ల పాలు మరవకముందే ఎంకటి వచ్చి తోలుకపోయిండు. చర్ల దిక్కు అడవి ఊర్లల్ల ట్రాక్టరు పోని తొవ్వలు, ఇండ్లకు ఇటుకలు మొయ్యాలంటే గాడిదలే. ఆయన కాపురం గూడ అక్కడ్నే పెట్టిండు. మల్లి అరిసింది సూడు... పిల్ల పోయిన దిక్కు మొకం పెట్టి, మేత ముట్టకుంట. మీ తాతకు కడుపు మండింది. ఫోన్ జేసి నానా మాటలన్నడు. ఆయన గూడ అన్నడు. ఆఖరికి గడప తొక్కొద్దు, మాట్లాడొద్దు అనే దాక వచ్చింది. మధ్యల మేం అక్కచెల్లెండ్లం నలిగినం. బస్టాండ్ల కలిసినా దొంగల లెక్క మాట్లాడుకునేది.

గిట్ల ఉండంగ, పందెం నాడు చూస్తే వరుసల అవతలి కొసకు ఎంకటి. ఆయన పట్టుకున్న తాడుకు బుజ్జిగాడు, మల్లి పిల్ల. మంచిగ ఎత్తు పెరిగిండు. నేను మొకం తిప్పుకున్న. ఎంకటి గూడ తిప్పుకున్నడు.

ఈల ఊదిన్రు. బుజ్జిగాడు అందర్ని దాటి ముందుకు పోయిండు. మల్లి మెల్లగ నడుస్తాంది. పిల్ల వాసన తగిలిందో ఏమో, తలెత్తి ఒక్క అరుపు అరిసింది. అంతే, బుజ్జిగాడు ఆగి ఎనక్కి తిరిగిండు. ఎంకటి గుంజుతాండు, వాడు ఎంకటినే గుంజుకుంట వచ్చి తల్లి మెడ మీద మెడ పెట్టి నిలబడ్డడు. కడమ గాడిదలన్ని పక్కపొంట పోయినయ్. ఇవి కదలయి. తాళ్లు రెండు పెనవేసుకున్నయ్.

నేను ఎంకటితోటి మాట్లాడొద్దు, ఆయన నాతోటి మాట్లాడొద్దు. ఇగ ఏం జేస్త? "ఓ మల్లీ, నీ కొడుకు తాడు పట్టుకున్నాయనకు చెప్పు, ఇటుదిక్కెల్లి తిరిగి రమ్మని" అన్న. ఆయన బుజ్జిగాని చెవుల, "మీ అమ్మ ఎంబడి వచ్చినామెకు చెప్పురా, ఎట్ల తిరగాల్నో నాకు తెలుసని" అన్నడు. జనం పొట్ట పట్టుకొని నవ్వుతాన్రు. మాకేమో చెమటలు కారుతానయ్.

అప్పుడు మీ తాత కుంటుకుంట జనంలకెల్లి వచ్చిండు. గాడిదల పని కాడ ఆయనకు ఇంకేది యాదికుండది. "అరేయ్ ఎంకటీ, గుంజకురా, తాడు ఒదులు. తల్లి నడిస్తే అదే వస్తది" అన్నడు.

"ఒదిలిన అన్నా" అన్నడు ఎంకటి.

అన్నంక గని తెలువలే ఇద్దరికి, మాట్లాడుకున్నమని. మీ తాత నేల చూస్తాండు. ఎంకటి తువ్వాలతోటి మొకం తుడుచుకుంటాండు, తుడుచుకుంటనే ఉన్నడు. ఆయనే, "పాలు మరిసినంక తోలుకపోయేదుండె అన్నా, తొందరపడ్డ" అన్నడు. మీ తాత, "సరే తియ్, ముందు నడువ్" అన్నడు.

మల్లి కదిలింది, తాడు పట్టకుంటనే ఎనక బుజ్జిగాడు. అందరికన్న ఆఖర్న వచ్చినం. పర్ణశాల దిక్కాయన ఎవలో, కంచర గాడిదను తోలుకొచ్చినాయన గెలిచిండు. చప్పట్లు మాత్రం మాకే ఎక్కువ కొట్టిన్రు. రాజవ్వ జనంలనే ఉందంట, నాకేం తెలుసు. ఉరికొచ్చి నన్ను పట్టుకుంది. ఏడుస్తానమో నవ్వుతానమో మాకే తెల్వలే. మిరపకాయ బజ్జీలు కొనుక్కొని దుకాణం పక్కకే కూసొని తిన్నం. ఎన్నేండ్లైందో గట్ల కూసొని తినక.

ఇప్పుడు ఇటుకల పని ఆగినప్పుడల్ల ఎంకటి, రాజవ్వ బుజ్జిగాన్ని తోలుకొని ఇటే వస్తరు. మీ తాత ముందుగాల బుజ్జిగాని మంచీచెడూ అడుగుతడు, ఆ తర్వాతనే తమ్మునిది.

ఇగ లే, ఖమ్మం బస్సుకు టైమైతాంది, నీకు డ్యూటీ ఉండె గదా. నువ్వు, మీ చెల్లె ఏ ఊర్ల ఉన్నా ఒక్క కంచంల తిన్నంత దగ్గరగ ఉండున్రి బిడ్డా. మీ ఇండ్లల్ల నవ్వులకు కరువు రావొద్దు. పైలంగ పో... ఆ, పోయినంక రాజవ్వకు గూడ ఒక ఫోన్ జెయ్యి.